తెలిసీ ఆగలేని పిల్లలు: ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు క్రమశిక్షణ నేర్పడం ఎలా?

ఏడీహెచ్‌డీ అంటే వయసుకు తగ్గట్టు శ్రద్ధ నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం, ఆలోచించకముందే పని చేసేయడం లాంటి ఇబ్బందులుండే, మెదడు ఎదుగుదలకు సంబంధించిన సమస్య. అది ఉన్న పిల్లవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. చెల్లిని నెట్టొచ్చా? "నెట్టొద్దు" అంటాడు. రోడ్డు మీదికి ఉరకొచ్చా? "వద్దు." హోంవర్క్ ఎప్పుడు చేయాలి? "బడి నుంచి రాంగనే." అన్నీ తెలుసు, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు. అర గంట గడవకముందే చెల్లిని నెడతాడు, బంతి వెంబడి రోడ్డెక్కుతాడు, హోంవర్క్ పుస్తకం సంచిలోంచి బయటికే రాదు. ఇంట్లోవాళ్లకు ఒళ్లు మండేది ఇక్కడే. "తెలిసి తెలిసి చేస్తాండు, పొగరు" అనేస్తారు.

తెలియడం వేరు, ఆ క్షణంలో గుర్తొచ్చి ఆగగలగడం వేరు. ఏడీహెచ్‌డీ దెబ్బతీసేది ఈ రెండోదాన్ని. అందుకే తప్పు జరిగిన గంటకు చెప్పే నీతి, సాయంత్రం నాన్న డ్యూటీ నుంచి వచ్చాక పడే దెబ్బలు, ఆదివారం బంధువుల ముందు పెట్టే పంచాయితీ ఈ పిల్లల మీద పెద్దగా పనిచేయవు. పని జరగాల్సిన చోట, జరగాల్సిన నిమిషంలో మన సాయం అందాలి. కింద చెప్పే మెట్లన్నీ దీని మీదే నిలబడ్డాయి. వరంగల్, హన్మకొండ, కాజీపేట ఇళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను: నానమ్మ, తాత ఉన్న ఇళ్లు, భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇళ్లు, పరకాల, నర్సంపేట వైపు నుంచి పిల్లల చదువు కోసం వచ్చి కిరాయికి ఉండే ఇళ్లు.

మొదటి మెట్టు: అది ఏడీహెచ్‌డీయేనా?

అల్లరి చేసే ప్రతి పిల్లవాడికీ ఏడీహెచ్‌డీ ఉండదు. డాక్టర్లు కొన్ని విషయాలు చూస్తారు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై ఉండాలి. కనీసం 6 నెలలుగా ఉండాలి. ఇల్లు, బడి, ట్యూషన్ లాంటి చోట్లలో కనీసం రెండింట కనబడాలి. చదువుకో, స్నేహాలకో, ఇంటి జీవితానికో నిజంగా అడ్డుపడుతూ ఉండాలి. ఇంట్లో సతాయించి బడిలో బుద్ధిగా కూర్చునే పిల్లవాడికి కారణం వేరే ఉండొచ్చు.

"ఫోన్ ఇస్తే రెండు గంటలు కదలడు, వీడికి శ్రద్ధ లేదంటారేంటి?" అని చాలామంది అడుగుతారు. గేమ్‌లో ప్రతి రెండు సెకన్లకు ఏదో ఒక ఫలితం కంటికి కనబడుతుంది, దానికి శ్రద్ధను లాక్కొచ్చి నిలబెట్టాల్సిన పని లేదు. ఎక్కాల పుస్తకం ముందు ఆ పని తనే చేసుకోవాలి. ఇబ్బంది అక్కడ.

ఆడపిల్లల విషయంలో ఇంకాస్త జాగ్రత్తగా చూడాలి. కుర్చీలెక్కి దూకే పిల్లలు ఎవరికైనా కనబడతారు. కిటికీలోంచి చూస్తూ క్లాసంతా కలల్లో గడిపే అమ్మాయి ఎవరి కంటా పడదు. "మంచి పిల్లనే గని జర మతిమరుపు" అని వదిలేస్తారు. అది కూడా ఏడీహెచ్‌డీలో ఒక రకమే.

రక్తపరీక్షతోనో స్కాన్‌తోనో దీన్ని తేల్చలేరు. తల్లిదండ్రులతో, టీచర్లతో మాట్లాడి, ప్రశ్నావళులు నింపించి, పిల్లవాణ్ని గమనించి నిర్ధారిస్తారు. అయితే ఇదే తీరుగా కనబడే వేరే సమస్యలు ఉన్నాయేమో కూడా చూడాలి: వినికిడి, చూపు, రక్తహీనత, థైరాయిడ్, గొంతులో టాన్సిల్స్ లాంటివి వాచడం వల్ల రాత్రంతా గురకపెట్టి సరిగా నిద్రపోకపోవడం, కొన్ని సెకన్ల పాటు కళ్లు ఒకేచోట నిలిచిపోయే ఒక రకం ఫిట్స్, చదవడం రాయడంలో ప్రత్యేకమైన ఇబ్బంది. కొందరిలో ఏడీహెచ్‌డీతో పాటు ఇవీ ఉంటాయి.

వరంగల్‌లో ఎంజీఎం ఆస్పత్రిలో పిల్లల విభాగం, మానసిక వైద్య విభాగం రెండూ ఉన్నాయి. మొదట అక్కడ చూపించొచ్చు, లేదంటే మీకు నమ్మకమున్న పిల్లల డాక్టర్‌ను అడిగితే సైకియాట్రిస్ట్ దగ్గరికో చైల్డ్ సైకాలజిస్ట్ దగ్గరికో పంపిస్తారు. సర్కారు బడులకు, అంగన్‌వాడీలకు వచ్చే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు చూడాల్సిన సమస్యల జాబితాలో ఏడీహెచ్‌డీ కూడా ఉంది, కాబట్టి ఆ బృందం వచ్చిన రోజు నోరు తెరిచి అడగండి. ఎటు పోవాలో తోచనప్పుడు సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబర్ 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబర్‌లో మొదలైన ఈ సేవకు పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు.

డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు నోట్‌బుక్కులు, టీచర్ రాసిచ్చిన రెండు ముక్కలు, ఒక వారం రోజులు మీరు రాసుకున్న సంగతులు తీసుకెళ్లండి. "మస్తు అల్లరి సార్" అంటే డాక్టర్‌కు ఏమీ అందదు. "అన్నం తినేటప్పుడు నాలుగుసార్లు లేస్తాడు, వారంలో మూడు పెన్సిల్ డబ్బాలు పోగొట్టాడు" అంటే చాలా అందుతుంది.

ఇంకో మాట. ఇది గారాబం వల్ల రాలేదు, తల్లి ఉద్యోగం చేయడం వల్ల రాలేదు, చక్కెర ఎక్కువ తినడం వల్లా రాలేదు. వంశపారంపర్యం పాత్ర చాలా ఎక్కువ. నానమ్మలు అంటుంటారు కదా, "వీని బాపు గూడ చిన్నప్పుడు గిట్లనే ఉండె" అని. ఆ మాటను కొట్టిపారేయకుండా డాక్టర్‌కు చెప్పండి, అది పనికొచ్చే సమాచారం. దిష్టి తీయడం, తాయత్తు కట్టించడం మీ నమ్మకం. వాటి కోసం డాక్టర్ దగ్గరికి పోవడం మాత్రం వాయిదా వేయొద్దు.

రెండో మెట్టు: పెద్దవాళ్లంతా ఒక మాట మీదికి రావాలి

అమెరికాలోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ పరిశోధకులు 2007లో ఒక విషయం బయటపెట్టారు. మెదడు పైపొర ఎదుగుదలలో ఒక దశను మామూలు పిల్లలు ఏడున్నర ఏళ్ల ప్రాంతంలో చేరితే, ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు సగటున పదిన్నర ఏళ్లకు చేరుతున్నారు. ఆలస్యం ఎక్కువగా కనబడింది తమాయించుకోవడానికి, ప్లాన్ చేసుకోవడానికి పనికొచ్చే ముందు భాగాల్లోనే. తెలివికి దీనితో సంబంధం లేదు. నిపుణులు వాడే ఒక మోటు లెక్క ఉంది: తమాయింపు విషయంలో అసలు వయసులోంచి మూడో వంతు దాకా తీసేసి చూడమంటారు. పదేళ్ల పిల్లవాడు లెక్కల్లో పదేళ్లవాడే కావచ్చు, ఓపికలో ఏడేళ్లవాడు. ఏడేళ్లవాడికి మీరు గుర్తుచేసినన్నిసార్లు వీడికీ గుర్తుచేయాల్సిందే.

ఈ లెక్కను ఇంట్లో అందరికీ చెప్పండి. అమ్మ వద్దన్నది నానమ్మ ఇస్తే, నాన్న ఒకరోజు నవ్వి అదే పనికి ఇంకోరోజు కొడితే, ఏ పద్ధతీ నిలబడదు. పెద్దవాళ్లను ఎదిరించి ఒప్పించాలని చూడకండి. వాళ్లకో పని అప్పగించండి. "అత్తమ్మా, పొద్దున వాడు షూస్ వేసుకున్నాడా లేదా చూసి చింతగింజ వేసే బాధ్యత మీది" అంటే ఆమె మీ వైపే ఉంటుంది. ఈ చింతగింజల సంగతి కిందికి వస్తుంది.

మూడో మెట్టు: రోజూ పావుగంట

క్రమశిక్షణ కంటే ముందు ఇది మొదలుపెట్టాలి. రోజుకు పది పదిహేను నిమిషాలు పిల్లవాడు ఏ ఆట ఆడితే ఆ ఆటలో మీరు పక్కన ఉంటారు. నేర్పడం, సరిదిద్దడం, ప్రశ్నలు వేయడం ఏమీ ఉండవు. "ఇల్లు కడుతున్నావా, భలే పొడుగ్గా లేపినవ్" అంటూ చూస్తున్నది చూస్తున్నట్టు చెప్పడమే. ఫోన్ పక్క గదిలో ఉండాలి. ఆ రోజు ఎంత లొల్లి చేసినా ఈ పావుగంటను శిక్షగా తీసేయకూడదు. పొద్దున్నుంచి రాత్రి దాకా "వద్దు, ఆగు, కూర్చో" తప్ప ఇంకోటి వినని పిల్లవాడికి మన మాటంటేనే వెగటు పుడుతుంది. ఆ వెగటు పోతేనే తర్వాతి మెట్లు పనిచేస్తాయి. రెండు వారాలు ఇదొక్కటే చేసినా ఇంట్లో గాలి మారుతుంది.

నాలుగో మెట్టు: చెప్పే తీరు

చాలా ఇళ్లలో జరిగేది ఇది. వంటింట్లోంచి అమ్మ అరుస్తుంది: "లే, తయారుగా, బస్సొస్తది." రెండు నిమిషాలకు మళ్లీ. తొమ్మిదోసారికి గొంతు పెరుగుతుంది, పదోసారికి చేయి లేస్తుంది, అప్పుడు పిల్లవాడు లేస్తాడు. వాడికి అబ్బిన పాఠం ఏమిటంటే, మొదటి తొమ్మిది పిలుపులకు విలువ లేదు, చేయి లేచేదాకా ఆగొచ్చు. అమ్మకు అబ్బిన పాఠం, వీడు అరిస్తేనే వింటాడు. ఇద్దరూ ఒకరికొకరు దీన్నే రోజూ నేర్పుకుంటుంటారు.

దీన్ని విడగొట్టాలంటే పొయ్యి సిమ్‌లో పెట్టి పిల్లవాడి దగ్గరికి నడవాలి. భుజం మీద చేయి వేసి, వాడి కళ్లు మీ ముఖం మీద పడేదాకా ఆగాలి. ఒక్క పని చెప్పాలి, చిన్న మాటల్లో: "సాక్స్ వేసుకో బిడ్డా." "వేసుకుంటావా?" అని అడగొద్దు, అడిగితే "వేసుకోను" అనే హక్కు వాడికి ఇచ్చినట్టే. చెప్పాక నోరు మూసుకుని మనసులో ఐదు లెక్కపెట్టండి. ఈ పిల్లలకు మాట చెవిలో పడటానికీ ఒళ్లు కదలడానికీ మధ్య కాస్త టైమ్ పడుతుంది, ఆ ఖాళీలో మనం మళ్లీ మాట్లాడితే మొదటిది చెరిగిపోతుంది. కదిలాడా, వెంటనే "చెప్పంగనే లేచినవ్, శభాష్" అనండి. కదల్లేదా, అదే మాట ఇంకొక్కసారి, జరగబోయేది జత చేసి: "సాక్స్ వేసుకో. లేకుంటే సాయంత్రం సైకిల్ ఉండదు." మూడోసారి చెప్పడం ఉండదు. మాటిచ్చిన ప్రకారం జరిగిపోవాలి, కోపం లేకుండా.

ఇంకో కిటుకు: "ఉరకకు" బదులు "నడువు", "అరవకు" బదులు "మెల్లగ మాట్లాడు". ఏం చేయకూడదో చెబితే ఆ తర్వాత ఏం చేయాలో వాడే ఆలోచించుకోవాలి, ఆ ఆలోచనకే కదా వాడి దగ్గర టైమ్ లేనిది.

పొద్దుటి పూట మొత్తాన్ని గోడకెక్కించండి. అద్దం పక్కన ఒక చార్టు: పళ్లు, స్నానం, డ్రెస్, టిఫిన్, సాక్స్, షూస్, సంచి. చదవడం రాని పిల్లలకు బొమ్మలు గీయండి. అప్పుడు "తయారుగా" అని అరవాల్సిన పని ఉండదు, "చార్టులో తర్వాత ఏముంది?" అంటే సరి. సంచి రాత్రే సర్ది గడప దగ్గర పెట్టాలి. డ్రెస్సు, బెల్టు, ఐడీ కార్డు ఒకే హ్యాంగర్‌కు వేలాడాలి. టీవీ ఉన్న గదిలో తయారు చేయొద్దు. ఆరున్నరకు లేపుతున్నవాళ్లు ఆరుంబావుకు లేపితే సగం గొడవ అక్కడే తగ్గుతుంది. ఈ పిల్లలకు టైమ్ ఎంత గడిచిందో లోపల తెలియదు కాబట్టి గోడ గడియారం మీద ముల్లు ఎక్కడికి వచ్చేసరికి ఏం అయిపోవాలో రంగు కాగితం ముక్క అంటించి చూపించండి.

ఐదో మెట్టు: చింతగింజల డబ్బా

మంచి పనికి ఫలితం నెలాఖరుకు వస్తుందంటే ఈ పిల్లలకు అది రానట్టే. "ఫస్ట్ ర్యాంక్ వస్తే సైకిల్ కొనిస్తా" అనే మాట వాళ్లను ఒక్క రోజు కూడా కదిలించదు. ఫలితం అప్పుడే, కంటికి కనబడేట్టు, చేతికి తగిలేట్టు రావాలి.

నాకు తెలిసిన ఒక ఇంట్లో పారదర్శకంగా ఉండే పాత హార్లిక్స్ సీసా ఒకటి షెల్ఫ్ మీద పెట్టారు. పక్కనే గిన్నెలో కడిగి ఆరబెట్టిన చింతగింజలు. ఎనిమిదేళ్ల బాబుకు మూడు పనులు మాత్రమే రాసిపెట్టారు: మొదటిసారి చెప్పినప్పుడే లేవడం, ఏడుంబావుకల్లా షూస్‌తో గడప దగ్గర ఉండటం, చెల్లితో గొడవొస్తే చేయి ఎత్తకుండా పెద్దవాళ్లను పిలవడం. పని జరిగిన ఆ నిమిషంలోనే గింజ సీసాలో పడాలి, అదీ వాడి చేత్తోనే. గింజ అడుగున పడ్డప్పుడు వచ్చే ఆ ఠక్ చప్పుడుకు వాడి ముఖం ఎట్లా వెలిగేదో! ఐదు గింజలకు సాయంత్రం గల్లీలో ఇరవై నిమిషాలు అదనపు క్రికెట్. పదికి రాత్రి కూర ఏం వండాలో వాడి ఇష్టం. నలభైకి ఆదివారం హంటర్ రోడ్డు జూ పార్కు, లేకపోతే వడ్డేపల్లి చెరువు కట్ట మీద నాన్నతో సైకిల్.

మీరు మొదలుపెట్టేటప్పుడు కొన్ని గుర్తుంచుకోండి. మూడు పనుల్లో ఒకటి వాడు ఇప్పటికే దాదాపు చేస్తున్నదై ఉండాలి, అప్పుడే మొదటి రోజే గింజ పడుతుంది. మొదటి రోజు ఖాళీ సీసాతో పడుకున్న పిల్లవాడు రెండో రోజు ఆడనే ఆడడు. బహుమానాల్లో సగం డబ్బు ఖర్చు లేనివి పెట్టండి. ఇద్దరు పిల్లలుంటే ఇద్దరికీ సీసాలు పెట్టండి, పనులు వేరువేరుగా. రెండు మూడు వారాలకు వీళ్లకు దేనిమీదైనా మోజు తీరిపోతుంది, అప్పుడు పద్ధతి చెడిపోయిందని ఆపకుండా బహుమానాలు మార్చండి. పదకొండు పన్నెండేళ్లు దాటినవాళ్లకు గింజలు చిన్నతనంగా ఉంటాయి, వాళ్లకు నోట్‌బుక్‌లో పాయింట్లు.

"ఇది లంచం కాదా?" అని తాతలు అడుగుతారు. ఏడుస్తూ నేల మీద దొర్లుతున్నవాడి నోట్లో చాక్లెట్ పెట్టి ఊరుకోబెడితే అది లంచం. పని చేశాక చేతికి వచ్చేది కష్టార్జితం. జీతం రాకుండా మనమూ డ్యూటీకి పోము.

ఆరో మెట్టు: తప్పు చేసినప్పుడు

అన్ని తప్పులూ ఒకటి కాదు. మూడు గంపలుగా విడదీసుకోండి.

మొదటిది పట్టించుకోనవసరం లేనివి: కాలు ఊపడం, కూనిరాగం, కుర్చీ అంచున కూర్చోవడం, అన్నం నిలబడి తినడం, సణుగుడు. వీటికి మన చూపు కూడా ఖర్చు పెట్టొద్దు. సణుగుడు ఆగిన క్షణంలో తిరిగి మాట్లాడండి. ఒక హెచ్చరిక: ఇన్నాళ్లూ పలికిన మీరు పలకడం మానేస్తే మొదటి కొన్ని రోజులు సణుగుడు పెరుగుతుంది, తగ్గదు. మధ్యలో లొంగితే "ఇంకా గట్టిగా చేయాలన్నమాట" అని నేర్చుకుంటాడు. చివరిదాకా నిలబడగలిగేదాన్నే ఎంచుకోండి.

రెండోది మామూలు తప్పులు: చెప్పిన పని చేయకపోవడం, వస్తువులు విసరడం, కావాలని ఏడిపించడం. వీటికి ఫలితం చిన్నదిగా, వెంటనే, తప్పుకు దగ్గరగా ఉండాలి. గోడ మీద గీశాడా, బట్ట ఇచ్చి తుడిపించండి. బ్యాట్‌తో బెదిరించాడా, ఆ సాయంత్రం బ్యాట్ అల్మారా మీదికి. "నెల రోజులు ఆటలు బంద్" అనే శిక్ష కోపంలో వస్తుంది, మూడో రోజుకు మనమే మర్చిపోతాం, దాంతో మన మాట విలువ పోతుంది. పైగా ఈ పిల్లలకు ఆట తీసేయడం నీళ్లు ఆపినట్టే, సాయంత్రానికి ఇల్లు పీకి పందిరేస్తారు.

మూడోది కొట్టడం, కొరకడం, ప్రమాదకరమైన పనులు. ఇక్కడ హెచ్చరిక ఉండదు, వెంటనే పక్కన కూర్చోబెట్టడమే. వయసు ఎంతైతే అన్ని నిమిషాలు: ఆరేళ్లకు ఆరు. ఏమీ తోచని చోట ఒక కుర్చీ చాలు. చీకటి గది, బాత్‌రూమ్, గొళ్లెం పెట్టడం ఎప్పుడూ వద్దు. ఆ నిమిషాల్లో ఉపన్యాసం వద్దు, కళ్లెర్రజేయడం వద్దు. టైమ్ అయ్యాక చెల్లికి సాయం చేయడమో, పడేసింది ఎత్తడమో చేయించి అక్కడితో ముగించేయండి. రాత్రి నాన్నకు మళ్లీ చెప్పి రెండో విచారణ పెట్టొద్దు.

కొట్టడం గురించి నా మాట సూటిగా చెబుతాను: వద్దు. "దండం దశగుణం భవేత్" అన్నవాళ్లు, "మొక్కై వంగనిది మానై వంగునా" అన్నవాళ్లు మన చుట్టూ చాలామంది ఉంటారు. దెబ్బ ఆ నిమిషానికి ఆపుతుంది, నిజమే. తర్వాతి నిమిషంలో ఏం చేయాలో నేర్పదు, తమాయించుకునే శక్తినీ పెంచదు. దెబ్బలు తినే పిల్లల్లో దూకుడు, అబద్ధాలు పెరుగుతాయని దశాబ్దాల పరిశోధన చెబుతోంది. అసలే బడిలో, బస్సులో, బంధువుల ఇళ్లలో అందరికంటే ఎక్కువ తిట్లు తినే పిల్లవాడికి తల దాచుకునే చోటు ఇల్లొక్కటే.

ఒక్కోసారి ఏ ఫలితమూ, ఏ మాటా పనిచేయని స్థితి వస్తుంది: ముఖం ఎర్రబడి, ఊపిరి వేగంగా తీస్తూ, చేతికి దొరికింది విసురుతుంటాడు. అది పాఠం చెప్పే సమయం కాదు. మిగతా పిల్లల్ని పక్క గదిలోకి పంపండి, గట్టి వస్తువులు తీసేయండి, మీ గొంతు తగ్గించండి, ఒకే మాట అనండి: "నేనిక్కడే ఉన్న." ఎందుకు చేశావని అడగొద్దు, ఆ క్షణంలో వాడికీ తెలియదు. పూర్తిగా చల్లబడ్డాక, అదే రోజు, రెండు నిమిషాలు మాట్లాడండి: మళ్లీ కోపమొస్తే ఏం చేద్దాం? మెట్ల మీదికి పోయి కూర్చుంటావా? బిందె దగ్గరికి పోయి నీళ్లు తాగుతావా? వాడు ఎంచుకున్నదాన్ని మామూలుగా ఉన్నప్పుడు ఒకటి రెండుసార్లు నడిచి చూపించమనండి.

ఏడో మెట్టు: హోంవర్క్

బడి నుంచి రాగానే పుస్తకం ముందు పెట్టొద్దు. ఏదైనా తినాలి: పల్లీలు, ఉడకబెట్టిన గుడ్డు, ముందురోజు చేసిన సర్వపిండి ముక్క. తర్వాత అర గంట ఒళ్లు అలిసేట్టు ఆట. అప్పుడు కూర్చోబెట్టండి, గోడ వైపు ముఖం పెట్టి, బల్ల మీద ఆ ఒక్క పుస్తకంతో.

పదిహేను నిమిషాలు టైమర్, ఐదు నిమిషాలు లేచి తిరగడం. పది లెక్కలుంటే కాగితం మడిచి మూడే కనబడేట్టు చేయండి. నిలబడి రాస్తానంటే రాయనివ్వండి. మీరు పక్కనే కూర్చుని బియ్యం ఏరుకుంటున్నా చాలు, పెద్దమనిషి పక్కన ఉంటే వీళ్ల మనసు నిలుస్తుంది. తప్పుల్ని చివర్లో దిద్దండి. గంట దాటినా తెమలకపోతే ఆపేసి డైరీలో టీచర్‌కు రాయండి. రాత్రి పదింటిదాకా ఏడిపించి పూర్తి చేయించిన హోంవర్క్ వల్ల తర్వాతి రోజు కూడా పాడవుతుంది.

ఎనిమిదో మెట్టు: బడి

టీచర్‌ను ఫిర్యాదుతో కలవొద్దు. డాక్టర్ కాగితం తీసుకెళ్లి రెండు మూడు చిన్న సాయాలు అడగండి: ముందు బెంచీ, కిటికీకి దూరంగా. బోర్డు తుడవడం, కాపీలు పంచడం లాంటి లేచి తిరిగే పని. డైరీలో హోంవర్క్ రాసుకున్నాడా అని ఒక్క చూపు. వీటితో పాటు ఒక చిన్న కార్డు: "చేయి ఎత్తి మాట్లాడాడు, క్లాస్‌వర్క్ పూర్తి చేశాడు" అని రెండు వరుసలు. టీచర్ రోజూ టిక్కు పెడితే ఇంట్లో దానికి గింజలు పడతాయి. నలభై, యాభై మందిని చూసుకునే టీచర్‌కు అర నిమిషం కంటే ఎక్కువ పని పెట్టే పద్ధతి నడవదు, ఈ కార్డు నడుస్తుంది.

బడిలో కొట్టినా, పిల్లల ముందు అవమానించినా అది చట్టవిరుద్ధం. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శారీరక శిక్షనూ మానసిక వేధింపునూ నిషేధించింది. మర్యాదగా, రాతపూర్వకంగా హెడ్మాస్టర్‌కో ప్రిన్సిపాల్‌కో ఇది గుర్తుచేయండి.

"హాస్టల్ల ఏస్తే దారికొస్తడు" అనే సలహా మన దగ్గర ప్రతి రెండో ఇంట్లో వినబడుతుంది. ఏడీహెచ్‌డీ ఉన్న చిన్న పిల్లల విషయంలో నేను దీనికి పూర్తిగా వ్యతిరేకిని. పక్కనుండి గుర్తుచేసే మనిషి వీళ్లకు అందరికంటే ఎక్కువ కావాలి. హాస్టల్లో మొదట పోయేది ఆ మనిషే.

తొమ్మిదో మెట్టు: పెళ్లిళ్లు, బతుకమ్మ, జాతర

ఇల్లు దాటేముందే, గడప దగ్గరే మూడు మాటలు చెప్పి వాడి నోటితో మళ్లీ చెప్పించండి: "నా చేయి వదలొద్దు. ఏం కావాలన్నా అడగాలి. బోర్ కొడితే చెప్పాలి." బాగుంటే ఏం దొరుకుతుందో కూడా అప్పుడే చెప్పండి. ఫంక్షన్ హాల్‌లో వాడికో పని ఇవ్వండి, వాటర్ బాటిళ్లు అందించడమో అక్షింతల పళ్లెం పట్టుకోవడమో. రెండు గంటల కంటే ఎక్కువ కూర్చోబెట్టాలని చూడొద్దు, మధ్యలో బయట తిప్పి తీసుకురండి. "ఏం పెంపకమిది" అన్నట్టు చూసే చుట్టాలకు అక్కడ వివరణ ఇచ్చే పని పెట్టుకోవద్దు.

సద్దుల బతుకమ్మ రాత్రి భద్రకాళి చెరువు దగ్గర, మేడారంలో జంపన్న వాగు దగ్గర జనంలో ఈ పిల్లలు క్షణంలో చేయి జారిపోతారు. ముంజేతి మీద పెన్నుతో మీ ఫోన్ నంబర్ రాయండి. కొట్టొచ్చినట్టు కనబడే రంగు చొక్కా వేయండి. నీళ్ల దగ్గర వాణ్ని చూసుకునే పెద్దమనిషి ఒక్కరే అని పేరు పెట్టి తేల్చుకోండి. "అందరూ చూస్తున్నారులే" అనుకున్నప్పుడే ఎవరూ చూడరు.

పదో మెట్టు: మందులు

అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం 4 నుంచి 6 ఏళ్లలోపు పిల్లల విషయంలో, వాళ్లతో ఎలా మెలగాలో తల్లిదండ్రులకిచ్చే శిక్షణే మొదటి చికిత్స. 6 ఏళ్లు దాటాక మందులు, శిక్షణ రెండూ కలిపి. మన దగ్గర ఎక్కువగా రాసేవి మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సిటిన్. మొదటిది గంటలోపే పనిచేయడం మొదలుపెడుతుంది, మామూలు బిళ్ల ప్రభావం దాదాపు నాలుగు గంటలు. రెండోది పూర్తిగా పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది.

మిథైల్‌ఫెనిడేట్‌తో ఆకలి తగ్గడం, నిద్ర ఆలస్యం కావడం, కడుపునొప్పి, తలనొప్పి రావొచ్చు. బిళ్లకు ముందే కడుపునిండా టిఫిన్ పెట్టండి, రాత్రి ఆకలి తిరిగొచ్చినప్పుడు బాగా పెట్టండి. బరువు, ఎత్తు, బీపీ, నాడి డాక్టర్ చూస్తుండాలి. ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులో గుండె జబ్బు ఉంటే ముందే చెప్పండి. మిథైల్‌ఫెనిడేట్ సర్కారు నియంత్రణలో ఉండే మందు, డాక్టర్ చీటీ లేనిదే ఇవ్వరు, అన్ని మెడికల్ షాపుల్లో దొరకదు. అందుకే అయిపోకముందే చూసుకోండి. "మందుకు అలవాటు పడతడేమో" అన్న భయాన్ని డాక్టర్ ముందే పెట్టండి. మీ అంతట మీరు ఆపడం, పెంచడం చేయొద్దు.

తిండితో ఏడీహెచ్‌డీ పోదు. నిద్ర మాత్రం చాలా తేడా చేస్తుంది: బడి వయసు పిల్లలకు 9 నుంచి 12 గంటలు, పడుకునే గంట ముందు నుంచి ఫోన్, టీవీ బంద్.

మీ సంగతి, తోబుట్టువుల సంగతి

పిల్లవాడికి నిర్ధారణ అయ్యాక "నేనూ ఇంతే కదా" అని గుర్తుపట్టే తల్లులు, తండ్రులు చాలామందే ఉంటారు. చార్టులు పెట్టడం, రోజూ ఒకే తీరుగా ఉండటం మీకే కష్టమవుతుంటే మీరూ ఒకసారి చూపించుకోండి. భార్యాభర్తలు వంతులు వేసుకోండి: పొద్దున ఒకరు, హోంవర్క్ ఒకరు. కోపం నెత్తికెక్కినప్పుడు "నువ్వు చూసుకో" అని చెప్పి బయటికి నడిచే ఒప్పందం ఇద్దరి మధ్యా ముందే ఉండాలి. చెల్లికీ అన్నకూ విడిగా టైమ్ ఇవ్వండి, వాళ్లు సర్దుకుపోతున్నది మీకు కనబడుతోందని చెప్పండి. పిల్లవాడు "నేను చెడ్డోణ్ని, నేను లేకుంటేనే నయం" లాంటి మాటలంటే చిన్నపిల్లల మాట అని వదిలేయకుండా డాక్టర్‌కో 14416కో అదే రోజు చెప్పండి.

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చాక గోల కాస్త తగ్గుతుంది, మతిమరుపు, తొందరపాటు ఉంటాయి. అప్పుడు రూల్స్ వాడితో కలిసి కూర్చుని కాగితం మీద రాసుకోవాలి, ఇద్దరి సంతకాలతో. ఒక్కదాంట్లో మాత్రం బేరం లేదు: బండి. ఏడీహెచ్‌డీ ఉన్న యువతకు రోడ్డు ప్రమాదాలు ఎక్కువ. ట్యూషన్ దూరమని పదో తరగతి పిల్లలకు స్కూటీ తాళాలు ఇవ్వడం మన దగ్గర మామూలైపోయింది. మైనర్ బండి నడిపితే ఇచ్చిన పెద్దవాళ్లకు 25,000 రూపాయల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు అని 2019 చట్ట సవరణ చెబుతోంది. తాళంచెవి వాడికి తెలిసిన కొక్కేనికి తగిలించొద్దు, మీ జేబులోనే ఉంచుకోండి. లైసెన్స్ వచ్చాక కూడా మొదటి కొన్ని నెలలు వెనక సీట్లో మీరు కూర్చోండి.